నలభై నిమిషాల తడి, అర లీటరు నీళ్లు: బత్తాయి తోట స్క్రిప్టు డైరీ

నవంబరు 16, ఆదివారం

పెదనాన్న బత్తాయి తోటలో డ్రిప్పుకు నేను బిగించిన పెట్టె ఏడు నెలలుగా నడుస్తోంది. గుర్రంపోడు మండలంలో ఆరెకరాల చెలక, సాత్‌గుడి చెట్లు, ఒక బోరు, ఐదు వాల్వులు. పెట్టె అంటే పెద్ద యంత్రమేమీ కాదు. స్టార్టరు పక్కన గోడకు బిగించిన ప్లాస్టిక్ డబ్బా, అందులో ఒక రాస్ప్‌బెర్రీ పై అనే చిట్టి కంప్యూటరు, వాల్వులను తెరిచి మూసే ఐదు రిలేలు, సిమ్ వేసిన డాంగిల్. ఏ వాల్వు ఎప్పుడు తెరవాలి, ఎన్ని నిమిషాలు నీళ్లు వదలాలి అన్నదంతా ఒక సెట్టింగుల ఫైలులో ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ ఫైలులో ఇంగ్లీషు మాటలే ఉండేవి, దాన్ని మార్చేది నేనొక్కదాన్నే. పెదనాన్న ఫోను చేసి "మూడో వాల్వుకు ఐదు నిమిషాలు పెంచు బిడ్డా" అంటే, నల్లగొండలో ఆఫీసులో కూర్చున్న నేను భోజనం వేళ మార్చేదాన్ని.

"నేను ఫోను చేసి, నువ్వు ఎత్తి, నువ్వు మార్చేలోపు నేనే నడిచి వెళ్లి వాల్వు తిప్పి వస్తాను" అన్నాడు దసరాకు. కాదనడానికి లేదు. అందుకే ఈ పని మొదలుపెట్టాను. ఫైలు తెలుగులో ఉంటుంది, పెదనాన్న తన ఫోనులో మార్చి వాట్సాప్‌లో పంపుతాడు, పైథాన్ భాషలో నేను రాసిన చిన్న ప్రోగ్రాము, అంటే స్క్రిప్టు, దాన్ని చదువుకుంటుంది.

ఫైలు ఇలా ఉంటుందని కాగితం మీద రాసి ఇచ్చాను. తడి అంటే నీళ్లు వదలాల్సిన నిమిషాలు, బెట్ట అంటే నీళ్లు ఆపి ఉంచడం, # తర్వాతది వివరణ:

# లేత చెట్లు, తూర్పు మడి
[వాల్వు 3]
వరస = 12
తడి = 40
వేళ = 5:30-7:15
రోజులు = సోమ, బుధ, శుక్ర
బెట్ట = ఆఫ్

చదవడానికి ఒక రెజెక్స్, అంటే అక్షరాలు ఏ వరసలో రావాలో గుర్తులతో చెప్పే ప్యాటర్న్, చాలనుకున్నాను. ఇంగ్లీషు ఫైలుకు రాసిన ప్యాటర్నే ఉంది కదా: లైను మొదట ఒక మాట, మధ్యలో సమానం గుర్తు, చివర విలువ. మాటకు బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ, దాని పక్కన ప్లస్. నడిపి చూస్తే 'వరస' ఒక్కటే వచ్చింది. తడి లేదు, వేళ లేదు, రోజులు లేవు, బెట్ట లేదు.

అరగంట పాటు ఫైలు ఎన్‌కోడింగును అనుమానించాను. అది తప్పయితే 'వరస' కూడా రాకూడదు. ఐదు మాటల్లో ఒకటే ఎందుకు నచ్చింది దీనికి? మాటలను ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే తెలిసింది. వరసలో అన్నీ తలకట్లే. తడిలో గుడి ఉంది, వేళలో ఏత్వం, రోజులులో ఓత్వమూ కొమ్మూ, బెట్టలో ఎత్వంతో పాటు ఒత్తు. పైథాన్ దృష్టిలో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే అక్షరమో అంకో అండర్‌స్కోరో అయి ఉండాలి. యూనికోడ్ మన గుణింతపు గుర్తులను అక్షరాల లెక్కలో కాక, అక్షరాలకు అంటుకునే గుర్తుల లెక్కలో వేసింది. 'తడి'లో 'తడ' దాకా వచ్చి గుడి దగ్గర ప్యాటర్న్ ఆగిపోతుంది. తర్వాత సమానం గుర్తు రావాలి, వచ్చింది గుడి, అంతటితో సరి. రెజెక్స్ అనే పేరుతోనే బయటి మాడ్యూలు ఒకటుంది, అది ఈ గుర్తులను కూడా మాటలో కలుపుకుంటుంది. కానీ తోటలోని పెట్టెలో కొత్తది ఎక్కించడం నాకు ఇష్టం లేదు, అక్కడి సిగ్నలు సంగతి నాకు తెలుసు.

మాట ఎలా ఉండాలో చెప్పడం మానేసి, సమానం గుర్తు కానిది ఏదైనా మాటే అన్నాను:

^([^=]+)=(.*)$

అన్నీ వచ్చాయి. రెండుపక్కలా ఖాళీలను స్ట్రిప్‌తో తీసేశాను. రాత్రి పదకొండు.

నవంబరు 19, బుధవారం

పెదనాన్న పంపిన మొదటి ఫైలు. కాగితం మీద ఉన్నట్టే కొట్టాడు, ఒక్క చోట తప్ప:

తడి = 40 # పోయినసారి = 35

వివరణను లైను పక్కనే రాయవచ్చని నేను చెప్పలేదు, రాయకూడదనీ చెప్పలేదు. ఖాతా పుస్తకంలో ఆయన ఇలాగే రాస్తాడు, అంకె పక్కన పాత అంకె. నా ప్యాటర్న్ దీన్ని 'తడి' అని, '40 # పోయినసారి = 35' అని విడదీసింది. విలువ అంకెగా మారక స్క్రిప్టు ఆగింది. ఇక్కడ నేను చేయవలసింది నెంబరు గుర్తు దగ్గర లైనును కోయడం. చేసింది వేరు. ఉన్న ప్యాటర్న్‌కే తోకలు తగిలించడం మొదలుపెట్టాను. మధ్యలో ఒకసారి మాట భాగాన్ని (.+) అని మార్చాను. అది అత్యాశ గలది, దొరికినంతా మింగి చివరి సమానం గుర్తు దగ్గర తేలింది. మాట పేరేమో 'తడి = 40 # పోయినసారి', విలువ 35.

అత్యాశకు మందు ప్రశ్న గుర్తు. ప్లస్ పక్కన పెడితే అది వీలైనంత తక్కువతో సరిపెట్టుకుంటుంది. విసుగులో ఎక్కడెక్కడ ప్లస్ ఉందో, నక్షత్రం ఉందో అన్నింటి పక్కనా ప్రశ్న గుర్తు పెట్టాను. విలువ అంకే కావాలి కాబట్టి చివరి భాగాన్ని అంకెలకు మార్చాను:

^(.+?) *?= *?([0-9]+?)

తడి లైను చదివింది, ఆగలేదు. పరీక్ష కోసం నేను రాసుకున్న ఫైలులో తడి విలువ 5. ఐదు వచ్చింది. పెట్టెలోకి ఎక్కించి పడుకున్నాను.

నవంబరు 23, ఆదివారం

ఉదయం పెదనాన్న ఫోను. "తూర్పు మడిలో లేత చెట్లు ఆకు ముడుస్తున్నాయి. నీళ్లు అందుతున్నట్టు లేదు."

తోటలో ఎవరికైనా మొదటి అనుమానం డ్రిప్పర్ల మీదే వస్తుంది. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. తెల్లగా పేరుకుని డ్రిప్పర్లు మూసుకుపోవడం ఏడాదికి ఒకసారైనా చూసే సంగతే. గుర్రంపోడు బస్సు ఎక్కి వెళ్లేసరికి చిన్నాన్న కొడుకు అప్పటికే రెండు లేటరల్ పైపుల చివరలు విప్పి కడుగుతున్నాడు. ఫిల్టరు విప్పి చూశాం, శుభ్రంగా ఉంది. యాసిడ్ పెట్టాలా అని పెదనాన్న అడిగితే నేను కూడా తలూపాను. ఆ తలూపడం తలచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పెట్టెలో లాగు ఫైలు, అంటే స్క్రిప్టు తాను చేసిన పనులు రాసుకునే ఫైలు, చూశాను. 'వాల్వు 3 తెరిచాను', 'వాల్వు 3 మూశాను' అని మాత్రమే ఉంది. ఎన్ని నిమిషాలకు అన్నది నేనే రాయించలేదు. లైనుకు ముందు సమయం కూడా పెట్టలేదు. ఏడు నెలల కింద తొందరలో రాసిన లాగు అది.

యాసిడ్ పెట్టే ముందు డ్రిప్పరు ఎంత వదులుతోందో కొలుద్దామని పెదనాన్నే అన్నాడు. సోమవారం తడి తెల్లవారుజామున ఐదున్నరకు వస్తుంది. రాత్రికి అక్కడే ఉండిపోయాను. నాలుగో వరసలో ఒక డ్రిప్పరు కింద మట్టి తీసి ఐదు లీటర్ల డబ్బా పెట్టి పడుకున్నాం.

నవంబరు 24, సోమవారం

మోటారు శబ్దానికి మెలకువ వచ్చింది. ముఖం కడుక్కుని బయటికి వచ్చేలోపు వాల్వు మూసుకున్న చప్పుడు వినిపించింది. మనసు చివుక్కుమన్నది అప్పుడే. డబ్బా ఎత్తి చూస్తే అడుగున కొన్ని నీళ్లు. లీటరు సీసాలో పోస్తే సగానికి కొంచెం పైన నిలిచాయి.

మా డ్రిప్పర్లు గంటకు 8 లీటర్లవి. నిమిషానికి 133 మిల్లీలీటర్లు. 40 నిమిషాలకు 5 లీటర్ల 300 మిల్లీలీటర్లు పడాలి, డబ్బా నిండి పొర్లాలి. పడింది 530 దాకా. అంటే డ్రిప్పరు మూసుకుపోలేదు, సరిగ్గా నాలుగు నిమిషాల పాటు తన పని తాను చేసింది. నలభైలో సున్నా ఎక్కడో రాలిపోయింది.

అక్కడే మడిగట్టు మీద కూర్చుని ఫోనులో ప్యాటర్న్ తెరిచి చూశాను. ([0-9]+?). వీలైనంత తక్కువతో సరిపెట్టుకో అన్నాను. దాని తర్వాత ఇంకేమీ లేదు, డాలర్ గుర్తు కూడా లేదు. అది ఒక్క అంకెతో సరిపెట్టుకుంది. చెప్పినట్టే చేసింది. నా పరీక్ష ఫైలులో ఐదు ఒంటరి అంకె కాబట్టి అక్కడ తప్పు కనబడలేదు.

లైను మొత్తం సరిపోతేనే ఒప్పుకో అని చెప్పడానికి పైథాన్‌లో ఫుల్‌మ్యాచ్ ఉంది, 3.4 నుంచీ ఉంది. నేను వాడింది మ్యాచ్. అది మొదలు చూస్తుంది, చివర పట్టించుకోదు. ఈ ఉదయం నుంచి స్క్రిప్టులో మ్యాచ్ ఒక్కటి కూడా లేదు. ప్రశ్న గుర్తులన్నీ పీకేశాను. నెంబరు గుర్తు ముందు ఖాళీ ఉంటే అక్కడి నుంచి చివరిదాకా ముందే కోసేస్తున్నాను, ఆ తర్వాతే సమానం గుర్తు వెతకడం. లాగులో సమయం, నిమిషాలు, లీటర్ల అంచనా కూడా వస్తాయి.

"డ్రిప్పర్లు బాగానే ఉన్నాయి, తప్పు నాది" అంటే పెదనాన్న ఏమీ అనలేదు. యాసిడ్ డబ్బా తీసుకెళ్లి కొట్టంలో పెట్టి వచ్చాడు. చేత్తో వాల్వు తిప్పి మూడో మడికి గంటసేపు నీళ్లు పెట్టాం.

నవంబరు 27, గురువారం

చిన్న సంగతి. తమ్ముడు తన పాత ల్యాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్‌తో ఫైలు మార్చి పంపాడు. మొదటి వాల్వు శీర్షికను స్క్రిప్టు గుర్తించలేదు. కంటికి ఏ తేడా లేదు. ఆ లైనులోని ఒక్కొక్క అక్షరానికి ఆర్డ్ ఫంక్షనుతో సంఖ్య అచ్చు వేయిస్తే చదరపు బ్రాకెట్‌కు ముందు 65279 అని ఒకటుంది. ఫైలు మొదట్లో పాత నోట్‌ప్యాడ్ పెట్టే గుర్తు అది, బామ్ అంటారు. 2019లో వచ్చిన విండోస్ 10 మార్పు నుంచి కొత్త ఫైళ్లకు మామూలుగా పెట్టడం లేదు, తమ్ముడి యంత్రం అంతకంటే పాతది. లైన్ల చివర 13 అనే ఇంకో గుర్తు కూడా ఉంది. చదివేటప్పుడే రెంటినీ తీసేసే పద్ధతి పైథాన్‌లో ఉంది, రెండు మాటలు మారిస్తే అయిపోయింది. పది నిమిషాల పని.

ఆర్డ్ అలవాటు మాత్రం మిగిలింది. ప్యాటర్న్ పట్టుకోని లైను ఏదొచ్చినా ఇకమీదట ముందు దాని సంఖ్యలు చూస్తాను, ఆ తర్వాతే ప్యాటర్న్ మీద చేయి వేస్తాను.

డిసెంబరు 3, బుధవారం

వేళ లైను. పెదనాన్న ఫోను చిన్న అడ్డగీతను తనంతట తాను పొడుగు చేస్తోంది. 5:30 తర్వాత చిన్న గీత సంఖ్య 45 రావాలి, పొడుగు గీతది 8211 వచ్చింది. ప్యాటర్న్‌లో రెండు గీతలనూ ఒప్పుకున్నాను. కొందరు 'నుంచి' అని రాస్తారేమో అనుకుని దాన్నీ చేర్చాను. ఎవరూ రాయలేదు.

పక్క తోట మామ కూడా తనకొక పెట్టె కావాలన్నాడు. ఆయన ఫైలు చూసి మొదట నవ్వొచ్చింది, తర్వాత ముచ్చటేసింది. అంకెలన్నీ తెలుగువే. తడి = ౪౦. చిన్నప్పుడు నేర్చినవి ఫోనులో దొరికాయని సంబరపడి కొట్టాడట. [0-9] వీటిని ఒప్పుకోదు, అందులో ఉన్నవి ఆ పది అంకెలే. బ్యాక్‌స్లాష్ డి అయితే యూనికోడ్‌లో అంకె అన్నదాన్నల్లా ఒప్పుకుంటుంది. ఇంకా బాగున్నది ఏమిటంటే, పైథాన్ ఇంట్ ఫంక్షనుకు ౪౦ ఇస్తే మారుమాటాడకుండా 40 అంటుంది. ప్యాటర్న్‌లో ఒక్క చోట మార్చాను, మామ అంకెలు మామవిగానే ఉన్నాయి. గుణింతాల దగ్గర పైథాన్ మీద వచ్చిన కోపం ఇక్కడ కొంత తగ్గింది.

డిసెంబరు 9, మంగళవారం

పెట్టె పలకడం లేదని పొద్దున తెలిసింది. సిగ్నలు ఉంది, కరెంటు ఉంది, లోపలికి వెళ్లగలుగుతున్నాను. స్క్రిప్టు మాత్రం రోజులు లైను దగ్గర కూర్చుని ప్రాసెసరును పూర్తిగా వాడేస్తోంది. తప్పు అని చెప్పదు, ఒప్పు అని చెప్పదు.

లైను ఇది:

రోజులు = సోమవారం, బుధవారం, శుక్రవారం, ఆదివారం,,

చివర రెండు కామాలు. వేలు రెండుసార్లు తగిలి ఉంటుంది. నేను రాసిన ప్యాటర్న్ ఇది:

^([^,]+,?)+$

కామా కానివి కొన్ని, తర్వాత కామా ఉంటే ఉండవచ్చు, ఇదంతా ఎన్నిసార్లైనా. చదవడానికి ఎంత సాధువుగా ఉందో. కామా ఉన్నా లేకపోయినా పరవాలేదు అన్నప్పుడు 'సోమవారం' అనే ముక్కను ఎక్కడైనా విరవవచ్చు. సో, మవారం అనవచ్చు, సోమ, వారం అనవచ్చు, సో, మ, వారం అనవచ్చు. లైను చివరిదాకా సరిపోతే ఈ సందేహాలేవీ రావు, మొదటి ప్రయత్నంలోనే తేలిపోతుంది. చివర రెండో కామా దగ్గర తప్పిపోవడంతో, వెనక్కి వెళ్లి ఇంకో రకంగా విరిచి చూస్తుంది. అదీ కుదరదు. మళ్లీ వెనక్కి.

ఎన్ని రకాలో లెక్క వేశాను. సోమవారంలో యూనికోడ్ ముక్కలు 7, మధ్య విరుపులు 6. బుధవారం ముందున్న ఖాళీతో కలిపి 8, విరుపులు 7. శుక్రవారం 10, విరుపులు 9. ఆదివారం 8, విరుపులు 7. మొత్తం 29 చోట్ల విరవాలా వద్దా అన్న ప్రశ్న. రెండును 29 సార్లు గుణిస్తే 53,68,70,912. ఒక చిట్టి యంత్రం రెండు కామాల కోసం యాభై మూడు కోట్ల దారులు తిరుగుతోంది. మూడు రోజులే ఉంటే 22 విరుపులు, 41,94,304 దారులు. పోయిన వారం పక్క తోట ఫైలు కొంచెం నెమ్మదిగా తేలిందని అనుకున్నాను, అదీ ఇదే అయి ఉంటుంది. ఒక్కొక్క విరుపుకు పని రెట్టింపు కావడమంటే ఇదే.

కామాను గుంపు ముందుకు తెచ్చి తప్పనిసరి చేశాను:

^[^,]+(,[^,]+)*$

ఇప్పుడు విరవడానికి ఒకే దారి. రెండు కామాలు కనబడగానే కాదు అంటుంది. ఆ తర్వాత అసలు రెజెక్స్ ఎందుకని కామా దగ్గర ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను వారాల పట్టికతో పోల్చాను. పట్టికలో 'సోమ', 'సోమవారం' రెండూ పెట్టాను. ఖాళీ ముక్క వస్తే వదిలేయడమే. వేలు తగిలిన కామాకు మనిషిని తప్పుపట్టనక్కరలేదు.

ఈ గోల లేని పద్ధతిని కంప్యూటరు శాస్త్రవేత్త కెన్ థాంప్సన్ 1968లోనే ప్రచురించాడు. అన్ని దారులనూ ఒకేసారి నడిపిస్తూ పోతుంది, వెనక్కి రావడం ఉండదు. పైథాన్ రెజెక్స్ యంత్రం మాత్రం వెనక్కి నడిచే రకమే. వెళ్లిన దారి మళ్లీ తొక్కవద్దని చెప్పే గుర్తులు 3.11లో వచ్చాయి, మా పెట్టెలో అంతకంటే పాతది ఉంది.

డిసెంబరు 14, ఆదివారం

ఈ రోజుది రాయడానికి మనసు రావడం లేదు.

బత్తాయికి పూత ఒక్కసారిగా రావాలంటే అంతకు ముందు కాపు చెట్లను బెట్టకు వదలాలి. నీళ్లు ఆపి, ఆకు వాడే దాకా ఓపిక పట్టాలి. మధ్యలో తడి పడితే చెట్టు పూతకు బదులు చిగురు వేస్తుంది, వచ్చే పూత కూడా విడతలు విడతలుగా వస్తుంది. నాలుగు, ఐదు వాల్వుల కింద కాపు చెట్లు ఉన్నాయి. పదో తారీఖున పెదనాన్న ఆ రెండింటికీ బెట్ట = ఆన్ అని రాసి పంపాడు. నిన్న సాయంత్రం ఐదో మడిలోకి వెళితే చెట్ల కింద నేల తడిగా ఉంది.

నాలుగో వాల్వు మూసే ఉంది. ఐదోది రెండు తడులు ఇచ్చింది. ఫైలులో రెండు లైన్లూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయి. సంఖ్యలు అచ్చు వేశాను:

నాలుగు: 3078 3112 3149
ఐదు: 3078 3112 3149 8204

ఆ, న, పొల్లు. రెండోదానికి పొల్లు తర్వాత 8204. తెలుగులో పొల్లు తర్వాత వచ్చే హల్లు ఒత్తుగా మారకుండా ఆపడానికి పెట్టే కనబడని గుర్తు ఇది. గేట్‌వాల్వు అన్న మాటలో ట్ పక్కన ఇది లేకపోతే వ దాని కిందికి వెళ్లిపోతుంది. మాట మధ్యలో దీనికి పనుంది. మాట చివర ఏ పనీ లేదు, ఉన్నా లేకున్నా కంటికి ఒకటే. నాలుగో వాల్వు లైనును పెదనాన్న ఒక కీబోర్డుతో కొట్టాడు, ఐదోదాన్ని తమ్ముడు ఇంకో ఫోనులో కొట్టాడు. ఒక కీబోర్డు పొల్లుతో ముగిసిన మాటకల్లా దీన్ని తగిలిస్తుంది. స్ట్రిప్ దీన్ని తీయదు, ఎందుకంటే ఇది ఖాళీ కిందికి రాదు. బ్యాక్‌స్లాష్ ఎస్ కూడా పట్టదు.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీది నీడ గుర్తొచ్చింది. నీడ ఉంటుంది, ఏ స్తంభానిదో వెతికితే దొరకదు.

8204 మీద కోపంతో వెతుకుతుంటే ఇంకో చోట దాని పేరు కనబడింది. 2016 జులై 20న, ప్రోగ్రాములు రాసేవాళ్లు ప్రశ్నలు అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు 34 నిమిషాలు ఆగిపోయింది. లైను మొదటా చివరా ఖాళీలను కత్తిరించే చిన్న రెజెక్స్ దానికి కారణం. ఆ రెజెక్స్‌లో ఖాళీ గుర్తు పక్కనే రాసి పెట్టింది ఈ 8204నే. ఒక లైను మధ్యలో 20,000 ఖాళీలు వరసగా వచ్చాయి, వాటి తర్వాత లైను ముగియలేదు. ప్రతి ఖాళీ దగ్గరా మొదలుపెట్టి చివరిదాకా వెళ్లి కాదని తెలుసుకుని, తర్వాతి ఖాళీ నుంచి మళ్లీ మొదలు. దాదాపు 20 కోట్ల పోలికలు. అంటే ఈ గుర్తు చివర తగులుతుందని వాళ్లకు ముందే తెలుసు. దాన్ని తుడవబోయి ఇంకో గుంటలో పడ్డారు.

నిజానికి నా తప్పు 8204 కాదు. స్క్రిప్టులో 'ఆన్' అయితే బెట్ట, కాకపోతే మామూలు తడి అని రాశాను. అర్థం కాని మాట ఏదొచ్చినా నీళ్లు వదిలేస్తుంది. 'ఆన్' బదులు 'అన్' అని కొట్టినా ఇదే జరిగేది. రాత్రికి రాత్రి మార్చాను. ఆన్, అవును, ఉంది అంటే బెట్ట, ఆఫ్, కాదు, లేదు అంటే తడి. ఇంకేది వచ్చినా ఫైలు మొత్తాన్ని తిప్పికొట్టి, అంతకు ముందున్న ఫైలుతోనే నడవాలి. పోల్చడానికి ముందు 8203, 8204, 8205 మూడింటినీ తీసేస్తున్నాను, కానీ పోల్చే నకలులో మాత్రమే. అసలు లైనును అలాగే ఉంచాను. లేకపోతే తిరిగి చూపించేటప్పుడు గేట్‌వాల్వు కాస్తా గేట్వాల్వు అవుతుంది.

పెదనాన్నకు చెప్పాను. "ఐదో మడి నేల గట్టిది, త్వరగా ఆరదు" అన్నాడు. అంతే. ఇంకో పది రోజులు బెట్ట పొడిగించాడు.

డిసెంబరు 20, శనివారం

ఆఫీసులో ఒకాయన, "పైథాన్‌లో కాన్ఫిగ్‌పార్సర్ ఉండగా ఈ తిప్పలన్నీ ఎందుకు?" అన్నారు. మంచి ప్రశ్నే. ఇలాంటి సెట్టింగుల ఫైళ్లు చదవడానికి పైథాన్‌తో పాటే వచ్చే మాడ్యూలు అది. పొద్దున దానితో ఇదే ఫైలు చదివించి చూశాను. తెలుగు మాటలు ఇబ్బంది లేకుండా వస్తాయి. ఒకే వాల్వు కింద తడి రెండుసార్లు రాస్తే పట్టుకుంటుంది, నాది పట్టుకోలేదు. లైను పక్కన రాసే వివరణలను మామూలుగా విలువలోనే కలిపేస్తుంది, విడిగా చెబితే కోస్తుంది. విలువలో శాతం గుర్తు వస్తే దానికి వేరే అర్థం తీసి గొడవ చేస్తుంది, దాన్నీ ఆపవచ్చు. ఇవన్నీ సరే. ఫలానా విలువ ఎన్నో లైనులో ఉందో మాత్రం గుర్తుపెట్టుకోదు. నాకు కావలసింది అదే. 'విలువ తప్పు' అని సందేశం వెళితే పెదనాన్న ఏ లైను అని అడుగుతాడు. ఇంగ్లీషు ఫైలుకైతే ఏడు నెలల కిందటే దాన్ని వాడి ఉండవలసింది, ఆ మాట నిజం.

కాబట్టి లైను చదివే పని నాదే. కానీ ఒక్క పెద్ద ప్యాటర్న్ పోయింది. లైను ఖాళీయా, వివరణా, శీర్షికా, విలువా అని వరసగా అడుగుతుంది. ఒక్కొక్క ప్రశ్నకు ఒక చిన్న ప్యాటర్న్. విలువకు మాట పేరును బట్టి వేరే ప్యాటర్న్. ఏది తప్పినా లైను సంఖ్య, రాసింది, కావలసింది మూడూ కలిపి తెలుగులో సందేశం వెళుతుంది.

ఇంతవరకు తగిలిన చెడ్డ లైన్లన్నింటినీ ఒక ఫైలులో పోగేశాను. ఇప్పటికి ముప్పై ఒకటి ఉన్నాయి. రెండు కామాలు, పొడుగు గీత, మామ ౪౦, బామ్, 8204 తోకలు, పోయినసారి = 35. స్క్రిప్టులో ఏది మార్చినా ముందు వీటి మీద నడుపుతాను. తడి 40 అన్నది అందులో మొదటి లైను.

డిసెంబరు 28, ఆదివారం

ఎనిమిది రోజులుగా కొత్త తప్పు లేదు. పెదనాన్న నా ప్రమేయం లేకుండా నాలుగుసార్లు ఫైలు మార్చాడు. ఒకసారి వాల్వు 7 అని రాస్తే, '14వ లైను: ఏడో వాల్వు లేదు, ఉన్నవి ఐదు' అని సందేశం వెళ్లింది. తనే సరిదిద్దుకుని పంపాడు.

మధ్యాహ్నం ఫోను చేశాడు. పెట్టె తన ఫైలును తిప్పికొట్టిందట. నాకూ ఆ సందేశం వచ్చింది:

9వ లైను: తడి దగ్గర నిమిషాలు అంకెల్లో కావాలి. మీరు రాసింది: నిన్నటంత

సంఖ్యలు చూశాను. కనబడని గుర్తులేమీ లేవు. నిన్నటంత అనే రాశాడు.

"లైను సంఖ్య తెలుసు, నేను రాసింది ఏమిటో తెలుసు, నిన్న ఎంత పెట్టిందో కూడా దానికి తెలుసు. ఇంకేమి కావాలట బిడ్డా?" అన్నాడు.

లాగులో నిమిషాలు రాయిస్తున్నాను కాబట్టి నిన్నటి అంకె నిజంగానే ఉంది. సాయంత్రం చేర్చాను. తడి విలువ అంకెలైనా కావచ్చు, నిన్నటంత అయినా కావచ్చు. నిన్న ఆ వాల్వు నడవకపోతే మొన్నటిది, అదీ లేకపోతే అంతకు ముందుది. ఏడు రోజుల వెనక దాకా వెతికి దొరకకపోతే పెదనాన్నకే సందేశం పంపుతుంది. చెడ్డ లైన్ల ఫైలులోంచి ఆ లైను తీసి మంచి లైన్ల ఫైలులో వేశాను.